మేనమామ ఎత్తలేని పెళ్లిబుట్ట

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడు గదుల బంగారం, ఒక్కతే కూతురు మంజులిక. రాజు పోతూ పోతూ పిల్లనీ బంగారాన్నీ బావమరిది కాలజంఘుడి చేతిలో పెట్టాడు.

"పెళ్లినాడు నువ్వే దాన్ని బుట్టలో మోసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టు. అప్పుడు బంగారం దానిది. ముగ్గురు వరులొచ్చినా పెళ్లి జరక్కపోతే, మేనరికం కనుక నువ్వే చేసుకో" అన్నాడు. బావమరిది మాంత్రికుడని పాపం ఆయనకి తెలియదు.

కాలజంఘుడు తన ప్రాణాన్ని చిలకలో దాచి, దాని రెక్కలు కత్తిరించాడు. పెళ్లిబుట్టకి మంత్రం వేశాడు. బుట్ట లేవకపోతే ఆ వరుడు రాయైపోవాలని షరతు పెట్టాడు.

ఏడు సముద్రాల అవతల ఒక పేదరాజుకి ముగ్గురు కొడుకులు. ముందు పెద్దవాడొచ్చాడు. అడ్డుతెర అవతల, బుట్టలో కూర్చుని మంజులిక అడిగింది. "నన్నెందుకు చేసుకుంటున్నారు?"

"బంగారం నాకు గడ్డిపోచ. నీ చిరునవ్వు చాలు."

బుట్ట కొండంత బరువెక్కింది. మేనమామ ఎత్తలేకపోయాడు. పెద్దవాడు రాయైపోయాడు.

రెండోవాడొచ్చాడు. "నిన్ను కలలో చూసి ఏడేళ్లుగా కన్ను మూయలేదు" అన్నాడు. ముందురాత్రి వాడి గురకకి విడిదిలో ఎవరికీ నిద్ర లేదు. బుట్ట మళ్లీ కొండైంది. వాడూ రాయైపోయాడు.

చివరివాడు శశాంకుడు. కోటగోడ మీద రెక్కలు తెగి, దాహంతో నోరు తెరిచిన చిలక కనిపిస్తే, దోసిట్లో నీళ్లు పట్టాడు.

"నాయనా, మీ అన్నలు నన్ను చూడకుండా పోయారు" అంది చిలక. "ఆ బుట్టలో బరువు పిల్లది కాదు, అబద్ధానిది. పెళ్లికూతురికి నిజం చెప్పే మగాడు ఉండడని, నాలో ప్రాణం దాచుకున్న మా యజమాని ధీమా."

మంజులిక అదే ప్రశ్న అడిగింది.

"బంగారం అక్కర్లేదని ఎలా చెప్పను? మా అమ్మ చీరకి మాసికలు వేసుకుంటోంది" అన్నాడు శశాంకుడు.

"మరి నేను?"

"నీ ముఖం ఇంకా చూడలేదు. గొంతు నచ్చింది. నేను నచ్చకపోతే చెప్పు, వెళ్లిపోతాను."

తెర అవతల చిన్న నవ్వు. "ఉండండి" అంది.

బుట్ట పూలసజ్జలా తేలికైంది. కాలజంఘుడు ఎత్తక తప్పలేదు. రెండడుగులు వేశాడో లేదో, పురోహితుడు ఆనవాయితీగా అడిగాడు. "మేనమామగారూ, మనస్ఫూర్తిగా ఇస్తున్నారా?"

సభంతా చూస్తోంది. "మనస్ఫూర్తిగానే" అన్నాడు. తన మంత్రం తనకీ వర్తిస్తుందని ఏనాడూ అనుకోలేదు. బుట్ట కిందికి లాగేసింది. చేతులు బుట్ట కింద నలిగాయి. అక్కడ గోడ మీద చిలకకీ ఎగశ్వాస మొదలైంది.

"మావయ్యా, నిజం చెప్పెయ్" అంది మంజులిక.

"నువ్వు నాకెన్నడూ అక్కర్లేదే తల్లీ. బంగారమే కావాలి."

ఆమె కళ్లు నిండాయి. చిన్నప్పుడు తనకి గోరుముద్దలు పెట్టిన చేతులవి. బుట్ట తేలికైంది. మంత్రం వేసినవాడే నిజం చెప్పడంతో శాపం విరిగి అన్నలిద్దరూ లేచారు.

మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో శశాంకుడు చెప్పగానే, "చిలక మెడ విరిచేద్దాం" అన్నాడు పెద్దవాడు.

"వద్దు. రెక్కలు మొలిచేదాకా నేనే పెంచుతాను" అంది మంజులిక. "మావయ్యా, ఇంకో నాలుగడుగులే. మొయ్యి."

కాలజంఘుడు తలొంచుకుని, మేనకోడల్ని పీటల దాకా మోశాడు.

పెళ్లైంది. శశాంకుడి తల్లికి మొదటి పట్టుచీర వచ్చింది. మంజులికా శశాంకుడూ తలలు నెరిసేదాకా రాజ్యమేలారు. ఆ బుట్టని సభలో పెట్టించారు. మంత్రులు నోరు తెరిచేముందు దానివైపోసారి చూసి, సగం మాటలు మింగేసేవారట.