గీత దాటని గొడ్డలి

గవర్రాజుకు నిద్రలోనూ ఆ దూలమే. ఏజెన్సీ కొండల నుంచి గోదారి మీద తేలుకుంటూ వచ్చిన టేకు మాను అది. కొత్త పడవకి అడుగున వెన్నెముకలా వెయ్యాల్సింది. అలాంటిది ఇంకోటి దొరకడమంటే మాటలు కాదు. దాన్ని చెక్కే పని గురువు అప్పలాచారి తనకిస్తాడో, వేరేవాళ్లకిస్తాడో తేలటం లేదు.

ఇక ఉండబట్టలేక ఒకనాడు అడిగేశాడు. "గురువుగారూ, దూలం నేను చెక్కుతానండి."

ముసలాయన నోట్లో చుట్ట తియ్యకుండానే పాక గోడవైపు చూపించాడు. "గొడ్డలి ఎంచుకో. ముందు ఆ పనికిరాని తుమ్మ మొద్దు మీద చెయ్యి చూపించు."

గవర్రాజు చెయ్యి తిన్నగా అన్నిట్లోకీ బరువైనదాని మీదికే పోయింది. పదునంచు వాదర వెడల్పు, ఒక పక్క పలకలా చదును. తోటి శిష్యుడు సింహాద్రి కిసుక్కున నవ్వాడు. "నీ కండకి తగినదే పట్టావు బావా!"

"పట్టింది సరైనదే," అన్నాడు అప్పలాచారి.

మొద్దు పొడవునా ఎర్రమట్టిలో ముంచిన దారంతో గీత కొట్టారు. గీతకి బయటున్న చెక్క పోవాలి, గీత మిగలాలి. గవర్రాజు పళ్లు బిగించి, భుజాల బలమంతా పెట్టి మొదలెట్టాడు. దెబ్బదెబ్బకీ అరచెయ్యంత చెక్క పేళ్లు ఎగిరాయి. మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కాయి. చాలాచోట్ల గీతనే గొడ్డలి మింగేసింది.

"ఇది ఉత్త మొరటుదండి. తేలికది ఇప్పించండి."

అప్పలాచారి లేచొచ్చాడు. మొద్దుకి అవతల కూర్చుని, మిగిలిన గీత దగ్గర అరచెయ్యి పరిచాడు. వేళ్ల కొసలు గీతకి ఆనుతున్నాయి.

"కొట్టు."

గవర్రాజు గొడ్డలి దించేశాడు. "చెయ్యి తీసెయ్యండి గురువుగారూ, మీకు దణ్ణం పెడతాను!"

"రేపు ఆ దూలం పక్కకి తప్పుకుంటుందేంట్రా? కొట్టు."

గవర్రాజు గొడ్డలి ఎత్తాడు. భుజంతో తొయ్యడానికి ధైర్యం చాల్లేదు. దారి చూపించి వదిలేశాడంతే. గొడ్డలి తన బరువుతో తనే దిగింది. సన్నటి పేడు ఒకటి అప్పడంలా లేచి పడింది. గీత అలాగే ఉంది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దిగింది. గురువు చెయ్యి గీత వెంట జరుగుతూ పోయింది. దాని వెనకే మొద్దు పక్క నున్నగా తేలుతూ వచ్చింది. సింహాద్రి నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూళ్లేదు.

ఉన్నట్టుండి అప్పలాచారి చెయ్యి తీసేసి, ఆరిపోయిన చుట్ట వెలిగించుకున్నాడు.

హమ్మయ్య అనుకుని గవర్రాజు గట్టిగా ఒక్కటి వేశాడు. గొడ్డలి గీత దాటి లోపలికి దిగబడింది.

"ఈ దెబ్బ ఎవరిదిరా? గొడ్డలిదా?"

గవర్రాజు ఆ గాటు వంక చూశాడు. "నాదండి."

బిగుసుకున్న గొడ్డలి ఊడదీశాడు. భుజాలు సడలించి ఎత్తాడు, వదిలాడు. పేడు లేచింది, గీత నిలిచింది. ఇంకోటి. ఇంకోటి.

గురువు మొద్దు వైపు చూడనే లేదు. గోదారి వైపు తిరిగి పొగ వదులుతూ అన్నాడు:

"సింహాద్రీ, మనుషుల్ని పిలు. దూలం ఇటు దొర్లించండి. మీ బావ ఖాళీగా ఉన్నాడు."