చిన్నోడికి ఒక రాయి

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం గుమ్మం దాకా వచ్చి కాఫీ అడిగేంత దగ్గర్లో, నూకరత్నం అనే ఆవిడ టిఫిను హోటలు నడిపేది. ఆవిడ పూరీ పొంగితే కప్పు మీద పెంకులు లేచి పడేవి. నవ్వకండర్రా, నేను తిన్నాను.

ఆ హోటల్లో ఒక గాజు తొట్టి. తొట్టినిండా సముద్రపు నీళ్ళు, అడుగున రాళ్ళు. ఆ రాళ్ళలో మూడు నీలం చేపలు, మూడూ ఒకే జాతివి. వాటిని పట్టి తెచ్చింది గురువులు అని ఆవిడ మరిది, పడవ మీద వేటకెళ్ళేవాడు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పేర్లు పెట్టింది మాత్రం ఆవిడే.

పెద్దోడు వేలెడు లేడు గానీ, వాడి కోపం ఏనుగంత. నడిమి రాయి తనది. పక్క రాయీ తనదే. పడుకునేటప్పుడు గోడ పక్క నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళు నాకు ఇంకొందరు తెలుసులే, వాళ్ళ సంగతి తర్వాత. నడిపోడు ఒక గుల్ల చాటున ఎలాగో నెట్టుకొచ్చాడు. చిన్నోడు ఏ సందులో దూరినా పెద్దోడు తరిమేవాడు. పాపం, వాడు రెక్కలు చిరిగి, తిండి మానేసి, గాలి గొట్టం వెనక బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు.

గురువులు అది చూసి, "ఒదినా, ఈ జాతిది ఒక తొట్టిలో ఒకటే ఉండాల. ముందు చిన్నోణ్ణి తీసుకుపోయి సముద్రంలో ఒదిలేస్తాను" అన్నాడు.

"ఆ చిరుగు రెక్కలతోనా? నువ్వు ఒడ్డు ఎక్కేలోపే ఎవడో మింగేస్తాడు. ఆదివారం దాకా ఆగు, గురువులూ" అంది నూకరత్నం. గాజు మీద వేలు పెడితే వచ్చి ముద్దు పెట్టేవాడు మరి ఆ చిన్నోడు. ఇడ్లీ పిండి రుబ్బుతూ ఎంత ఏడ్చిందంటే, ఆ పూట పిండిలో ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది.

అప్పుడు పెద్దోణ్ణి చిల్లుల గిన్నెలో పెట్టి, తొట్టిలోనే ఓ పక్కకి వేలాడదీసింది. బుద్ధొస్తుందనుకుంది. విడిచీ విడవగానే వాడు సరాసరి తన రాయి దగ్గరికే వెళ్ళి, నేను లేనప్పుడు ఇటెందుకొచ్చావని అడిగినట్టు చిన్నోణ్ణి మళ్ళీ తరిమాడు.

ఆ తర్వాత గాజుకి అద్దం ఆనించింది. అద్దంలో చేపతో పెద్దోడు పొద్దస్తమానం యుద్ధం చేశాడు. ఆ నీళ్ళు కాగిన కాగుకి అందులో టీ పెట్టుకోవచ్చు. తీరా అద్దం తీసేస్తే, గెలిచింది తనేననుకుని ఇంకా మిడిసిపడ్డాడు.

ఇంతలో శనివారం వచ్చింది. శనివారం హోటలు కడుగుతారు. బల్లలన్నీ వీధిలో పెట్టి, నేల కడిగి, తడారాక ఎలా పడితే అలా లోపలేశారు. అక్కడికి రోజూ సన్యాసిరావు మేష్టారని ఒకాయన వచ్చేవారు. రెండో వరసలో మూడో బల్ల ఆయనది. అక్కడ ఇంకొకరు కూర్చుంటే, వాళ్ళ పెసరట్టు గడ్డకట్టేలా చూసేవారు. అలాంటాయన ఆ వేళ ప్లేటు పట్టుకుని అటూ ఇటూ తిరిగి, తన బల్ల ఏదో పోల్చుకోలేక, చేతులు కడుక్కునే చోటు పక్కన బుద్ధిగా కూర్చున్నారు. పైగా పక్కాయనకి చట్నీ కూడా అందించారు.

నూకరత్నం అట్లకాడ పట్టుకుని మేష్టారిని చూసింది, తొట్టిని చూసింది. "కోపం వీడిలో లేదు, ఆ రాయిలో ఉంది" అంది.

అప్పుడు చేపల్ని మూడు గిన్నెల్లోకి తీసింది. రాళ్ళన్నీ చోట్లు మార్చి, తిరగేసి, బోలెడన్ని సందులు పెట్టి పేర్చింది. మొదట చిన్నోణ్ణి వదిలింది. ఆ తర్వాత నడిపోణ్ణి. అందరికంటే ఆఖర్న పెద్దోణ్ణి. తొట్టి మీద దుప్పటి కప్పేసింది.

ఆదివారం గురువులు బిందె పట్టుకుని వచ్చాడు. దుప్పటి తీశారు. పెద్దోడు అచ్చం మేష్టారిలాగే అటూ ఇటూ తిరుగుతున్నాడు. చిన్నోడు ఒక బుల్లి రాయి కింద కాపురం పెట్టేశాడు. పెద్దోడు అటొస్తే వీడే తరిమాడు! ఆ తర్వాత గాజు దగ్గరికొచ్చి నూకరత్నం వేలికి ముద్దు పెట్టాడు.

గురువులు బిందె బోర్లించి దాని మీద కూర్చుని, "ఇడ్లీ పెట్టు ఒదినా. ఏడవకుండా రుబ్బినవైతేనే" అన్నాడు.

మరి లేవండి, పక్కలు తిప్పి వేద్దాం. తలగడలు కాళ్ళవైపుకి. ముందు చిన్నది పడుకోవాలి, ఆఖర్న పెద్దాడు. ఇప్పుడు గోడ పక్క ఎవరిదో చెప్పండి చూద్దాం?

చేపలు చేరె రాళ్ళలోకి,
నిద్ర చేరె కళ్ళలోకి,
కథ పోయె కంచిలోకి,
మీరు రండి నా ఒళ్ళోకి.