పిడికిట్లో ఏముంది?

జాగీర్దారు వంకకు అడ్డుకట్ట వేసి నీళ్లన్నీ తన మామిడితోటకు మళ్లించుకున్నాడు. కింద ఊళ్లో వరినార్లు ఎండిపోతున్నాయి. ఊరి తరఫున వెళ్లి అడుగుతానని లతీఫ్ ముందుకొచ్చాడు.

లతీఫ్ దర్గాలోని నూరుద్దీన్ బాబాకు శిష్యుడు. బాగా చదివినవాడు, మాట పదునైనవాడు. "అన్యాయం ముందు తల దించినవాడు అన్యాయంలో వాటాదారు!" అని సంతలో నిలబడి అంటే జనం బేరాలు ఆపి వినేవాళ్లు.

చిక్కల్లా ఒకటే. కాలినడకన వచ్చినవాణ్ణి జాగీర్దారు మనుషులు బయటి వాకిట్లోనే ఆపేస్తారు. గుర్రం మీద వచ్చినవాడికే లోపలి గడపదాకా దారి. అది అక్కడి ఆచారం. దర్గాలో ఉన్నది ఒక్క గుర్రం, మిరియం. పేరుకు తగ్గట్టే చిన్నది, నల్లది, మహా ఘాటు.

లతీఫ్ ఎక్కీ ఎక్కగానే అది తల కిందికి గుంజి, నడుం విల్లులా వంచి, వెనక కాళ్లు ఎగరేసేది. అతను దుమ్ములో పడేవాడు.

వంటచేసే హుసేనప్ప పొయ్యి దగ్గర్నుంచే నవ్వాడు. "ఏం లతీఫ్ భాయ్, నేలతల్లితో అంత పనేముంది? పొద్దుట్నుంచి పోయి వస్తున్నావు!"

"నవ్వు, నవ్వు! తల తెగినా వంచేది లేదు" అంటూ లతీఫ్ మళ్లీ ఎక్కాడు. మళ్లీ పడ్డాడు. ఈసారి మోచెయ్యి చెక్కుకుపోయింది.

కుంటుకుంటూ బాబా దగ్గరకు వచ్చాడు. "బాబా, రేపు నేను వెళ్లకపోతే నార్లు దక్కవు. దీని మెడకో తాయెత్తు కట్టండి."

"పడేముందు దేన్ని చూశావు?"

"నేలని. ఎక్కడ పడతానో అని."

బాబా లేచి వెళ్లి ఎదురుగా ఉన్న మిట్ట మీద నిలబడి, కుడి పిడికిలి పైకెత్తాడు.

"ఎక్కు. ఇందులో ఏముందో చెప్పు. చెప్పలేకపోతే రేపు ఇంకొకర్ని పంపిస్తా."

లతీఫ్ ఎక్కాడు. మిరియం తల కిందికి గుంజబోయింది. అతని కళ్లు పిడికిలి మీదే ఉన్నాయి. చూపుతో పాటు భుజాలు వెనక్కి లేచాయి, భుజాలతో పాటు పగ్గాలు పైకొచ్చాయి. గుర్రానికి తల దించే సందు దొరకలేదు. అయినా గెంతింది. అతను జీనులో బరువుగా కూర్చునే ఉన్నాడు. బాబా ఒక్కో వేలూ తీరిగ్గా విప్పుతున్నాడు. మడమలు కిందికి నొక్కిపెట్టి, లతీఫ్ కళ్లు చికిలించి చూశాడు.

"ఖాళీ! మీ చేతిలో ఏమీ లేదు బాబా!"

ఆ మాట అరిచాక గానీ, మిరియం గెంతులు మాని నడుస్తోందని అతనికి తెలియలేదు.

హుసేనప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బాబా మిట్ట దిగి వచ్చి గుర్రం మెడ నిమిరాడు. "రేపు జాగీర్దారు కూడా పిడికిలి ఎత్తుతాడు" అన్నాడు.

లతీఫ్ పగ్గాలు సర్దుకుని, మిరియాన్ని జాగీర్దారు ఇంటికి పోయే వంక దారిలోకి తిప్పాడు.

"భాయ్! వెళ్లేది రేపు కదా!" హుసేనప్ప కేకేశాడు.

లతీఫ్ తల తిప్పలేదు.