అంకమ్మ పుస్తకానికి పదమూడంకెలు

చింతలదుర్గాన్ని ఏలే గజపాలరాజుకి ప్రాణంలాంటి పుంజు ఒకటి ఉండేది. దానికి జలుబు చేసింది. "పుంజుభోగం" అనే పుస్తకం తీయించి, అందులో ఉన్నట్టు చెయ్యండని రాజు హుకుం వేశాడు. ఆ పేరుతో పుస్తకాలు రెండున్నాయి మరి. ఒకటి కోళ్ళ వైద్యం, ఇంకోటి కోళ్ళ వంటకం. దొరికిన పుస్తకం వంటవాడి చేతికి వెళ్ళింది. వాడు అక్షరం పొల్లుపోకుండా చేసి పెట్టాడు. రాజు మారు వడ్డించుకుని మరీ తిని, "ఇంతకీ పుంజుకి ఎలా ఉంది?" అని అడిగాడు.

మూడు రోజులు రాజ్యమంతా సంతాపం. నాలుగో రోజు దండోరా. ఇకమీదట ప్రతి పుస్తకానికీ ఒక అంకె ఉండాలి. ఒకదానికి ఇచ్చింది ఇంకోదానికి ఇవ్వకూడదు. అంకె లేని పుస్తకం సంతలో కనిపించకూడదు. ఆ అంకె పొడవు పదమూడు స్థానాలు. ఎందుకయ్యా పదమూడంటే, పోయిన పుంజు వయసు పదమూడు నెలలు.

అంకెలు వేసే పని పుస్తక భాండాగారం అధికారి చక్రధర పండితుడికి పడింది. ఆయన అప్పటికే తనకి తానే "సంఖ్యాసార్వభౌమ" అని బిరుదిచ్చుకున్న మనిషి. ఇంక పట్టపగ్గాల్లేవు. తన గొడుగుకి అంకె వేశాడు, పొడుం డబ్బీకి వేశాడు, ఆవుకి వెయ్యబోతే అది తన్నింది.

రాజుగారికి తాంబూలం అందించే దాసరయ్య ఇదంతా చూస్తూ తన మానాన తను వక్కలు కత్తిరించుకునేవాడు. మనకెందుకొచ్చిన గొడవలే అనుకున్నాడు, అంకమ్మ ఏడుస్తూ వచ్చేదాకా.

అంకమ్మ మంత్రసాని. ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే, దాసరయ్యతో సహా. పసిపిల్లల ఏడుపు మాన్పే ఉపాయాలన్నీ పోగుచేసి, "ఊరుకో నాయనా" అని పేరుపెట్టి, తాటాకుల మీద తనే గంటం పట్టి రాసి, తనే దారం గుచ్చి, గంపలో పెట్టుకుని తనే అమ్ముకుంటోంది.

"ఏమైందత్తా?"

"అంకె కోసం పోయానురా దాసూ. పండితులవారు ఊరికే ఇస్తానంటే ఎంత మంచివాడో అనుకున్నాను. చిట్టాలో 'పుస్తకం వెలువరించినవారు' అన్నచోట తన పేరు రాసుకున్నాడట. పొద్దున భటులొచ్చి గంప లాక్కుపోయారు. అంకె ఆయన పేరున ఉంది కాబట్టి పుస్తకం ఆయనదేనట. రేపు సభలో చదివి శాలువా కప్పించుకుంటాడట. మూడేళ్ళ కష్టంరా. చూపు ఆనని కళ్ళతో రాశాను."

దాసరయ్య అడకత్తెర విసురుగా పక్కన పడేశాడు. కానీ పైకి నవ్వాడు.

"అన్ని ఉపాయాలు రాశావు, పెద్దవాళ్ళ ఏడుపు మాన్పేది ఒక్కటీ రాయలేదా?"

"ఉంటే నీ దగ్గరికెందుకొస్తానురా సన్నాసీ," అంది అంకమ్మ ముక్కు చీదుకుంటూ.

"అయితే రేపు సభకి రా."

మర్నాడు నిండు సభలో చక్రధరుడు గొంతు సవరించుకుని మొదటి ఆకు చదివాడు. "నా నాలుగో కాన్పులో నేను కనిపెట్టిన ఉపాయమేమనగా..."

రాజు కళ్ళు చిట్లించాడు. "మీకు నాలుగు కాన్పులా పండితా?"

"అది అలంకారం ప్రభూ."

అంకమ్మ ఇంక ఆగలేకపోయింది. "నా కాన్పులు ప్రభూ అవి. నలుగురూ బతికే ఉన్నారు, కావాలంటే పిలిపిస్తాను."

పండితుడు తొణకలేదు. "రాసింది ఎవరైతేనేం ప్రభూ? అంకె ఇచ్చింది నేను. చిట్టాలో ఎక్కింది నా పేరు. అంకె ఎవరిదో వస్తువు వారిది. అంకెలు రాని అంకమ్మకి ఈ శాస్త్రం ఏం తెలుస్తుంది?"

శాస్త్రం అనేసరికి రాజు మెత్తబడ్డాడు, శాలువా తెమ్మని సైగ చేశాడు. దాసరయ్య గుమ్మం వైపు చూసి ఒకసారి దగ్గాడు.

కిర్రు. కిర్రు. కిర్రు.

గుమ్మం దగ్గర బిళ్ళలిచ్చి అందరి చెప్పులూ కాసే మల్లన్న లోపలికొచ్చాడు. వాడి కాళ్ళకి సరికొత్త కిర్రుచెప్పులు. చెప్పులతో సభలోకి రావడమా అని అందరూ నోళ్ళు తెరిచారు. పండితుడు మాత్రం శాలువా సంగతి మరిచి ఎగిరిపడ్డాడు.

"ఒరే, అవి నా చెప్పులురా!"

"మీవని ఏమిటి గుర్తు?" అన్నాడు దాసరయ్య నెమ్మదిగా.

పండితుడు బొడ్లోంచి చెక్కబిళ్ళ తీశాడు. "ఇదిగో, నలభై రెండు."

"ఆ అంకె ఎవరిచ్చారు?"

"వీడే ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చాడా?"

"ఊరికేనే."

"బిళ్ళ వీడిది, అంకె వీడిది. మరి చెప్పులు మీవెలా అయ్యాయి?"

"బుద్ధుందా నీకు?" అని పండితుడు మండిపడ్డాడు. "అంకె ఇస్తే చెప్పులు వాడివైపోతాయా? ఏవి ఎవరివో కలిసిపోకుండా గుర్తుపట్టడానికయ్యా అంకె. కొన్నది నేను, తొడుక్కునేది నేను!"

తనన్న మాట తన చెవికే తగిలి పండితుడు నాలిక కరుచుకున్నాడు. దాసరయ్య రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తీర్పు పండితులవారే చెప్పేశారు ప్రభూ. ఇంక నేను చెప్పేదేముంది?"

రాజు పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే సభ ఊరుకుంటుందా, స్తంభాలు పట్టుకుని మరీ నవ్వారు. మల్లన్న చెప్పులు విప్పి, బిళ్ళ పుచ్చుకుని, మర్యాదగా పండితుడి చేతికిచ్చాడు.

చిట్టాలో చక్రధరుడి పేరు కొట్టించి అంకమ్మ పేరు రాయించాడు రాజు. ఆవిడకి ఒకటి కాదు, పది అంకెలు ఇప్పించాడు. తాటాకు ప్రతికొకటి, కాగితం ప్రతికొకటి, మార్చి రాస్తే దానికొకటి. అన్నీ ఆవిడ పేరునే. పండితుడి కోసం తెచ్చిన శాలువా అంకమ్మ భుజాలకి కప్పాడు. దాసరయ్య వేలికి తన ఉంగరం తొడిగి, ఆ పూట తమలపాకు చిలకలు తనే చుట్టి వాడి నోటికందించాడు.