గువ్వలలంక గిత్త, దాన్ని సాకిన నూకరత్నం

అనగనగా ఒక లంక. ఎప్పటి మాట అని అడక్కండి. గోదారి తల్లి ఇప్పుడు పారే దారిలో కాకుండా ఇంకో దారిలో పారే రోజుల మాట. ఆ లంక పేరు గువ్వలలంక. వానాకాలమంతా చుట్టూ నీళ్ళే. ఎండాకాలం వచ్చిందంటే ఒక పక్క పాయ ఎండిపోయేది. అప్పుడిక లంకకీ, అవతలి ఏటిగట్టుకీ మధ్య ఇసుకే ఇసుక. మనిషి అడుగేస్తే చీలమండ దాకా దిగే ఇసుక. ఎడ్లు లాగలేని ఇసుక. మోటారు సైకిలు కూరుకుపోయే ఇసుక.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. సాయానికి వచ్చినవాళ్ళు వెళ్తూ వెళ్తూ లంకకి ఒక చిన్న బండి ఇచ్చి వెళ్ళారు. దానికి నాలుగు చక్రాలు. గుమ్మడికాయల్లా ఉబ్బిన టైర్లు. గుర్రం ఎక్కినట్టు ఎక్కి కూర్చోవాలి. వెనకాల ముగ్గురు ఇరుక్కుని కూర్చునే తొట్టి. ఇసుకైనా బురదైనా, గట్టైనా గుంటైనా దానికి లెక్కలేదు. ఎగురుకుంటూ పోయేది. లంకవాళ్ళు దానికి గిత్త అని పేరు పెట్టుకున్నారు.

గిత్తని తోలడానికి నేనంటే నేనని అందరూ వచ్చారు. కట్టేయడానికి చోటిమ్మంటే ఒక్కరూ పలకలేదు.

ఆ లంకలో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. కళ్ళాల్లో ధాన్యం చెరిగే కూలిమనిషి. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క గేదె ఆ వరదలోనే కొట్టుకుపోయింది. గేదె పాక ఖాళీగా ఉంది. పొద్దస్తమానం ఆ ఖాళీ పాక చూస్తూ ఉండలేకపోయింది పాపం.

"మా పాకలో కట్టేయండి. ఏదో ఒకటి కళ్ళ ముందు ఉంటది" అంది.

అలా గిత్త ఆవిడ పాకలో చేరింది.

కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చేవారు. గిత్తని తీసేవారు. సాయంత్రం దాకా తిప్పేవారు. తెచ్చి పాకలో పడేసి పోయేవారు. దాని కడుపు చూసినవాడు లేడు. దాని ముక్కు చూసినవాడు లేడు. దాని గుండె చూసినవాడు లేడు. ఇంకా వేసవి సగం కూడా కాలేదు, గిత్త ఒకనాడు దగ్గింది. మర్నాడు పొగ కక్కింది. ఆ మర్నాడు అసలు లేవలేదు.

ఏటిగట్టు మీద జిలానీ మేస్త్రి అని ఒక మెకానిక్ ఉండేవాడు. ఆయన ఇసుకంతా నడిచి వచ్చి, బండి విప్పి, తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! కడుపులో నూనె తారైపోయింది. ముక్కు నిండా ఇసుక. గుండెలో నిప్పు పుట్టే చోట మసి. బండి తిండి అడుగుతూనే ఉంది, మీరు తోలుతూనే ఉన్నారు. ఇంతకీ దీన్ని చూసుకునేదెవరయ్యా?"

కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. నూకరత్నం ముందుకొచ్చింది.

"నా పాకలో ఉన్నదాన్ని నేనే చూసుకోవాలి కదా అన్నయ్యా. ఎలాగో చెప్పు."

జిలానీ మేస్త్రి నవ్వలేదు. అక్కడే ఇసుకలో చతికిలబడి ఓపిగ్గా చెప్పాడు. "చూడు చెల్లెమ్మా, మూడే మూడు. నూనె చూడాలి. గాలి చూడాలి. నిప్పు చూడాలి."

నూకరత్నం నేర్చుకుంది. ఒక్కరోజులో కాదు. మరిచిపోయినప్పుడల్లా ఇసుక దాటి వెళ్ళి మేస్త్రిని అడిగి వచ్చేది.

ఇక ఆనాటి నుంచి చూడండి. తెల్లారేసరికి లేచేది. బండిని చదునైన చోట నిలబెట్టేది. నూనె పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసేది. గీత దాకా ఉందా, తేనె రంగులో ఉందా? ఉంటే సరే. నల్లబడితే, ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడే పాతది వంపేసి కొత్తది పోసేది. అది నూనె.

బండి ముక్కులో ఒక స్పాంజి ఉంటుంది. ఫిల్టర్ అంటారు. గాలిని లోపలికి పోనిచ్చి, దుమ్ముని ఆపేది అదే. దాన్ని తీసి కిరసనాయిల్లో జాడించి, కుంకుడు రసంతో కడిగి, నీడన ఆరేసేది. ఆరాక కాస్త నూనె పట్టించి, గట్టిగా పిండి, మళ్ళీ పెట్టేది. అలాంటివి మేస్త్రి రెండు తెచ్చిచ్చాడు. ఒకటి బండిలో ఉంటే ఒకటి దండెం మీద. అది గాలి.

నిప్పు పుట్టించే ప్లగ్గుని విప్పి, దాని మొన చూసేది. ఇటుక రంగులో ఉంటే సంతోషం. మసి పట్టి ఉంటే బ్రష్షుతో రుద్ది బిగించేది. అది నిప్పు.

నూనె చూసేది. గాలి చూసేది. నిప్పు చూసేది. ఆ తర్వాతే తాళం చెవి చేతికిచ్చేది.

"రత్నం బండికి బువ్వ పెడతంది!" అని నవ్వేవారు కుర్రాళ్ళు. నవ్వితే నవ్వనీ. గిత్త మళ్ళీ దగ్గలేదు. పాల బిందెలు దాటించింది. పెళ్ళికూతుళ్ళని దాటించింది. పాము కరిచినవాణ్ణి దాటించి బతికించింది. పక్క లంకల వాళ్ళు గట్టు మీద నిలబడి, "అదిగో, గువ్వలలంక గిత్త!" అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే నూకరత్నం చేట పట్టుకుని చెరుగుతూ ఉండేది. చేట మాత్రం కాస్త గట్టిగా మోగేది.

ఇలా ఉండగా ఒక వేసవి చివర ఘోరం ముంచుకొచ్చింది. లంకలో చుక్క వాన లేదు. ఎండకి ఇసుక మాడుతోంది. ఈదురుగాలి లేచి ఆ ఇసుకని ఆకాశానికి ఎత్తుతోంది. కానీ పైన కొండల్లో ఎక్కడో వానలు విరగబడ్డాయి. కాలం కాని కాలంలో గోదారి పొంగింది. గట్టు మీంచి డప్పు మోగింది. "నీరొస్తంది! పొద్దు వాలేలోగా పాయ నిండిపోద్ది! గట్టెక్కేయండి!"

నడవగలిగినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని నడిచారు. ముసలివాళ్ళున్నారు. మంచం పట్టినవాళ్ళున్నారు. నెలలు నిండిన వరహాలు అనే అమ్మాయి ఉంది. వాళ్ళని దాటించాల్సింది గిత్తే.

బండి తోలేవాడు సత్తిపండు. బలే హుషారైన కుర్రాడు. నూకరత్నం వాడితో అంది, "అబ్బాయ్, ఈ గాలికి దాని ముక్కు ఊరికే నిండిపోద్ది. నేను ఇసుక మధ్యలో దిబ్బ మీద కూర్చుంటా. ఖాళీ బండి వెనక్కొచ్చేటప్పుడల్లా నా దగ్గర ఆపు. ఫిల్టర్ మార్చేస్తా."

"నీరొస్తంటే ఆపమంటావేంటి అత్తా?"

"నీరొస్తంది కాబట్టే ఆపమంటన్నా."

కిరసనాయిలు డబ్బా, నూనె సీసా, రెండో ఫిల్టర్ మూట కట్టుకుంది. గోనెసంచి నెత్తిన కప్పుకుంది. దిబ్బ మీద గాలికి వీపు పెట్టి కూర్చుంది.

మొదటిసారి సత్తిపండు గొణుక్కుంటూ ఆపాడు. ఆవిడ మురికి ఫిల్టర్ లాగేసింది. మంచిది పెట్టింది. తమలపాకు నమిలినంత సేపు కూడా పట్టలేదు. "ఫో" అంది. తీసినదాన్ని జాడించి, కొంగులో చుట్టి పిండి, నూనె పట్టించి ఉంచుకుంది.

రెండోసారి సత్తిపండు ఆపలేదు. ఎగువన నీటి గీత తెల్లగా కనబడింది వాడికి. లంకలోకి వెళ్ళి వరహాలుని ఎక్కించుకుని, దిబ్బ పక్క నుంచే దూసుకుపోయాడు. నూకరత్నం చేతులూపింది. అరిచింది. గాలిలో ఎవరికి వినపడుతుంది?

దిబ్బ దాటి కాస్త దూరం పోయాడో లేదో, గిత్త దగ్గింది. నల్లగా పొగ కక్కింది. ఆగిపోయింది.

సత్తిపండు కొట్టాడు, తన్నాడు, ఏడ్చాడు. గిత్త కదల్లేదు. వరహాలు కడుపు పట్టుకుని మూలుగుతోంది. అంత ఇసుక గాలిలోనూ నూకరత్నం మూట చంకన పెట్టుకుని పడుతూ లేస్తూ వచ్చింది. ఒక్క మాట తిట్టలేదు. ఇసుక ముద్దయిన ఫిల్టర్ తీసి చూపించి, మంచిది పెట్టింది. ప్లగ్గు విప్పి, చీరకుచ్చెళ్ళతో మసి తుడిచి బిగించింది.

"ఇప్పుడు కిక్కు కొట్టు అబ్బాయ్."

గిత్త రంకె వేసింది.

"అత్తా, నువ్వు కూడా ఎక్కు" అంది వరహాలు.

"నేనెక్కితే దానికి ముక్కెవరు తుడుస్తారే? ఇంకా మంచాన ఉన్నవాళ్ళున్నారు. పొండి!" అని మళ్ళీ దిబ్బ మీదికి వెళ్ళిపోయింది.

మూడోసారి ఆవిడ అడక్కుండానే సత్తిపండు ఆపాడు. ఆ తర్వాత ప్రతిసారీ ఆపాడు. ఊళ్ళో ఆఖరి ముసలమ్మని గట్టు మీద దింపేసరికి దిబ్బ చుట్టూ నీళ్ళు తిరిగాయి. గట్టు మీది జనం వద్దంటున్నా వాడు గిత్తని వెనక్కి తిప్పాడు. మోకాలి లోతు నీళ్ళలో దింపాడు. నూకరత్నాన్ని ఎక్కించుకున్నాడు. ఆవిడ గిత్త ఎక్కడం అదే మొదటిసారి. వాళ్ళు గట్టెక్కిన కాసేపటికి దిబ్బ లేదు, ఇసుక లేదు. అంతా గోదారే.

ఆ సాయంత్రం ఇళ్ళు పోయాయి. పాకలు పోయాయి. గాదెలు పోయాయి. మనిషి ఒక్కడూ పోలేదు. జిలానీ మేస్త్రి షెడ్డులో వరహాలు పండంటి పిల్లని కంది.

జనం నూకరత్నాన్ని భుజాల మీదికి ఎత్తబోయారు. ఆవిడ విదిలించుకుంది. "ఉండండి! అది నీళ్ళలో దిగొచ్చింది" అంటూ నూనె పుల్ల తీసి చూసింది. నూనె పాలటీలా తెల్లబడి ఉంది. "నీరు కలిసింది అన్నయ్యా, వంపెయ్యాలి" అంది. జిలానీ మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం పట్టాడు.

ఆ తర్వాత నూకరత్నం చాలా కాలం బతికింది. చెరిగింది, తిన్నది, గిత్తని చూసుకుంది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కునుకు తీస్తూ తీస్తూనే పోయింది. లంకవాళ్ళ వల్లకాడు ఏటిగట్టు పక్కన ఉంది. పాడె మోస్తామని ఊరంతా వచ్చింది. సత్తిపండు ఒప్పుకోలేదు. అప్పటికి వాడికీ తల నెరిసింది. "మా అత్త గిత్త మీదే వెళ్ళాలి" అన్నాడు.

ఇసుక మధ్యకి వచ్చాక వాడు ఇంజను ఆపేశాడు. ఎవరూ చెప్పలేదు. కిందికి దిగాడు. శుభ్రంగా ఉన్న ఫిల్టర్‌నే తీసి, దులిపి, మళ్ళీ పెట్టాడు. వెనకాల నడుస్తున్న ఊరు ఊరంతా నిలబడిపోయింది. గాలి కూడా లేదు ఆ రోజు. తమలపాకు నమిలినంత సేపు అలాగే ఉండి, మళ్ళీ కదిలారు.

ఇప్పుడు గువ్వలలంకలో అలాంటి బండ్లు చాలా ఉన్నాయి. కుర్రాళ్ళు ఎవరైనా బండి తోలాలంటే ముందు ఒక వేసవి అంతా ఫిల్టర్లు కడగాలి. కొత్త కోడలు కాపురానికి వస్తున్నా, పెద్ద ఆఫీసరు ఎక్కి కూర్చున్నా, ఇసుక మధ్యలో ప్రతి బండీ ఆగుతుంది. అందరూ దిగుతారు. దానికి రత్నమ్మ ఆపు అని పేరు.

తొందరలో ఉన్న కొత్తవాళ్ళు విసుక్కుంటారు. "ఏమైందయ్యా, చెడిపోయిందా? బాగున్న బండిని ఎందుకు ఆపుతారు?"

లంకవాళ్ళు తల పైకెత్తి చెప్తారు. "ఒకనాడు ఇక్కడ ఆగింది కాబట్టే మేం ఉన్నామండి."