బండ నెర్రెలో పసుపు పూలు

అనగనగా అడవి నడుమ ఒక రాతికొండ. వానలు వెనకబట్టగానే ఆ కొండ కొమ్మున, బండల నెర్రెల్లో, పసుపుపచ్చని పూలు పూసేవి. మరెక్కడా ఆ పూలు కనిపించేవి కావు.

కొండ కింద పొదలో జొన్ని అనే చెవులపిల్లి తన తల్లితో ఉండేది. తల్లి కాలు రాయి కింద పడి నలిగింది. అప్పటినుంచి కుంటుతూ నడిచేది.

ఒకనాడు తల్లి, "చచ్చేలోగా ఆ పచ్చపూలు ఒక్కసారి చూడాలనుందే," అంది.

"నువ్వు కొండెక్కడమెందుకమ్మా? నేనే తెస్తాగా!" అని జొన్ని పరుగుతీసింది.

ఆ ఏడాది కొండమీద మూడే మొక్కలున్నాయి, అవీ ఇంకా పూతకి రాలేదు. జొన్ని ఒకదాన్ని తవ్వి తెచ్చి, వాగు ఒడ్డున నాటింది. రోజూ నీళ్లు పోసింది. అయిదోనాటికి వేరు కుళ్లిపోయింది.

రెండోదాన్ని తెచ్చి చెట్టునీడన, మెత్తటి ఆకుమట్టిలో పెట్టింది. అది సన్నగా సాగి, మొగ్గయినా తొడగకుండా వాలిపోయింది.

జొన్ని మళ్లీ కొండెక్కి మూడోదాని మొదట్లో తవ్వసాగింది. బండమీద ఎండ కాగుతున్న ముసలి ఉడుము తల ఎత్తింది.

"ఆగమ్మా! ఇదే ఆఖరుది. ఇదీ పోతే ఇక గింజెక్కడిది?"

"మా అమ్మ కోసం మామా! ఇక్కడ పిడికెడు మట్టయినా లేదు. కింద కంటికి రెప్పలా చూసుకుంటాను."

"ముందు రెంటినీ అలాగే చూసుకున్నావుగా? నీకు మెత్తటి నేల సుఖం. దీనికి ఈ ఎండా, ఈ గాలీ, ఈ నెర్రే సుఖం."

జొన్ని మొక్క మొదలుకేసి చూసింది. వేరు అప్పటికే సగం బయటపడింది. మట్టి మళ్లీ కప్పి, ముంగాళ్లతో మెల్లగా అదిమింది. ఉత్తచేతులతో ఇల్లు చేరి, జరిగిందంతా తల్లికి చెప్పి ఏడ్చింది.

తల్లి దాని కన్నీళ్లు తుడిచింది. తర్వాత, "చూడాలన్నాను గానీ తెమ్మన్నానా పిచ్చిపిల్లా? పద, మెల్లగా పోదాం," అంది.

మూడు రోజులు పట్టింది. జొన్ని ముందు నడిచి ముళ్లు తీసేది. తల్లి పది అడుగులకోసారి కూలబడేది. మూడోనాటి పొద్దున కొండ కొమ్ముకి చేరారు. మొక్కకి ఒకే పువ్వుంది. దానిమీద తేనెటీగ ఒకటి వాలి ఉంది.

తల్లి దాని పక్కనే చతికిలబడింది. పొద్దు వాలుతుంటే జొన్ని, "దిగుదామా అమ్మా?" అంది.

"ఇంకాసేపుండవే," అంది తల్లి.

నీతి: ఇష్టమైనదాన్ని దాని చోటునుంచి పెకలించి తెచ్చుకోకూడదు. కష్టమైనా దాని దగ్గరికి మనమే నడిచి వెళ్లాలి.