శత్రురాజుకు దామన్న చెప్పిన పొగడ్త

వెనకటికి ఒక పెద్ద ఏటికి ఈవలి ఒడ్డున చింతలదుర్గమనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే చండవిక్రముడికి తాను పలికిందే వేదం. కొలువులో ఆయన మాటకు అడ్డుచెప్పేవాడు ఒక్కడే, పడవవాళ్ల పేటకు పెద్ద అయిన దామన్న. పేటపెద్దలకు సభలో నోరు విప్పే హక్కు తాతముత్తాతల నాటిది కనుక రాజు పళ్లు కొరుక్కుంటూ భరించేవాడు.

అలా ఉండగా అవతలి ఒడ్డునేలే భైరవసేనుడు రేవుల ఒప్పందం కోసం రాజు పిలుపు మీద కోటకు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ పేరు వినగానే పడవపేట భగ్గుమంది. రెండేళ్ల కిందట వరదకు కొట్టుకుపోయి అవతల తేలిన పద్దెనిమిది మంది పడవవాళ్లను వేగులవాళ్లంటూ చెరలో పెట్టించినవాడు ఆయనే. వాళ్లలో దామన్న చెల్లెలి మొగుడు ఓబులయ్య కూడా ఉన్నాడు.

ఆ మనిషి మొహం చూడనని దామన్న నిండుసభలోనే చెప్పేశాడు. ఎదురుచెప్పేవాడు సైతం తన చెప్పుచేతల్లో ఉన్నాడని పొరుగురాజుకు చూపించుకోవాలని చండవిక్రముడి ఆరాటం.

"రేపు విందుకు వస్తావు. మా అతిథిని పొగుడుతావు. రాకపోయినా, ఒక్క నిందమాట దొర్లినా నీ తల దక్కదు" అన్నాడు.

దామన్న పొగడ్తే పలుకుతానని, కాని మాటలు తనవేనని చెప్పి, ముగిసేదాకా ఎవరూ అడ్డుపడకూడదని కోరాడు. రాజు మీసం దువ్వుకుని అందరి ఎదుటా మాట ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు నాంచారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "అన్నా, ఆ భైరవసేనుణ్ణి పొగిడి నా గడప తొక్కకు" అంది. మనసులోని ఉపాయం చెబితే అది కోటదాకా పాకుతుందని భయపడి దామన్న తలవంచుకుని లోపలికి వెళ్లాడు.

మరునాడు విందులో భైరవసేనుడు అతణ్ణి ఎగాదిగా చూసి, తన మొహం చూడనన్నది ఈయనేనా అని నవ్వాడు. సభంతా నవ్వింది. దామన్న లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, అతిథిని ఆదరించడంలో మీకు సాటి లేదు. మావాళ్లు పద్దెనిమిది మంది పిలవకుండానే మీ గడపలోకి వచ్చారు. వాళ్లను రెండేళ్లుగా మీ కోటలోనే ఉంచుకున్నారు. ఇంటికి పోతామని మొత్తుకున్నా విడవలేదు. మా ప్రభువులేమో, పిలిచి తెచ్చుకున్న మిమ్మల్ని మూడోనాడే సాగనంపుతారట! ఇది మాకు తలవంపు. మీ దగ్గర నేర్చుకున్న మర్యాదే మీకూ జరగాలని నా మనవి."

సభలో నవ్వు ఆగిపోయింది. భైరవసేనుడి చూపు మూసి ఉన్న కోటతలుపుల మీదికి పోయింది. వెంట వచ్చింది పదిమంది భటులే. చండవిక్రముడి చెయ్యి కత్తి మీదికి వెళ్లింది. చెప్పిన మాటలన్నీ మనసులో తిరగేశాడు. నిందమాట ఒక్కటీ దొరకలేదు.

అంతలో రాజు కళ్లు అతిథి వైపు తిరిగాయి. రెండేళ్లుగా ఆ పడవవాళ్ల విడుదల కోసం వెళ్లిన తన రాయబారుల్ని ఉత్త చేతులతో తిప్పి పంపిన మనిషి, ఇప్పుడు ముద్ద మింగుడు పడక నీళ్లు తాగుతున్నాడు. చండవిక్రముడు కత్తి మీది చెయ్యి తీసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"మా దామన్న మిమ్మల్ని ఇప్పట్లో కదలనిచ్చేలా లేడు" అన్నాడు.

భైరవసేనుడు, వాళ్లను పంపాలని తానూ అనుకుంటూనే ఉన్నానని చెప్పి, పడవవాళ్లను విడిచిపెట్టమని తన కోటకు అక్కడికక్కడే ఉత్తరం రాయించి ముద్ర వేశాడు. పద్దెనిమిది మందీ ఈవలి రేవులో దిగేదాకా రాజు ఆయనకు విందుల మీద విందులు చేయించాడు. రేవులో చెల్లెలు కాళ్ల మీద పడబోతే, ముందు నీ మొగుడికి ఇంత గంజి పోయమన్నాడు దామన్న.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. పరదేశపు ప్రభువులు ఎవరొచ్చినా, ముఖ్యంగా గిట్టనివాళ్లు వచ్చినప్పుడు, ఎదురుచెప్పే పెద్దకు వాళ్ల ఎదుట పీట వేయించమని దామన్న అడిగాడు.

"గిట్టనివాడితో నీకేం మాటలుంటాయి?"

"గిట్టేవాళ్ల చెరలో మనవాళ్లెవరూ ఉండరు కదా, ప్రభూ."

రాజు మళ్లీ నవ్వి, తన చేతి కంకణం తీసి అతని చేతికి తొడిగాడు.